వాయుసేన ఆయుధాగారం నుంచి వచ్చిన పిస్తోలు

దక్షిణాఫ్రికాలో 1994 ఏప్రిల్ 27 అనగానే, తొలిసారి ఓటు వేయడానికి బారులు తీరిన నల్లజాతి ప్రజల ఫొటోలే నాకు గుర్తుకొస్తాయి. దానికి మూడు రోజుల ముందు జొహానెస్‌బర్గ్ నడిబొడ్డున కారుబాంబు పేలి తొమ్మిదిమంది చనిపోయారనీ, మరునాడు జెర్మిస్టన్‌లో మరో పదిమంది బలయ్యారనీ చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. ఆ బాంబులు పెట్టింది తెల్లవారి ఆధిపత్యాన్ని పోనివ్వబోమని పంతం పట్టిన అతివాదులు.

ఇలాంటి ముఠాల బలాన్ని తలలు లెక్కపెట్టి అంచనా వేయడం పొరపాటని క్రిస్ హనీ హత్య చూస్తే అర్థమవుతుంది. నల్లజాతి నాయకుడు, కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన హనీ 1993 ఏప్రిల్ 10న పత్రిక కొనుక్కొని బోక్స్‌బర్గ్‌లోని తన ఇంటికి తిరిగివచ్చి కారు దిగగానే, యానుష్ వాలుష్ అనే పోలండ్ వలసదారు ఆయనను కాల్చి చంపాడు. పిస్తోలు సమకూర్చింది తెల్లవారి పాలన కొనసాగాలన్న కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు క్లైవ్ డెర్బీ-లూయిస్. అది 1990లో వాయుసేన ఆయుధాగారం నుంచి దొంగిలించినది. దేశం తగలబడేదే. అయితే కారు నంబరు గుర్తుపెట్టుకొని పోలీసులకు ఫోన్ చేసింది పొరుగున ఉన్న ఆఫ్రికానర్ (డచ్ మూలాలున్న తెల్లజాతి) మహిళే, ఆ మాటను మండేలా టీవీలో అందరికీ వినిపించాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జనరల్ కాన్‌స్టాండ్ విల్‌యున్. 1980 నుంచి 1985 దాకా సైన్యాధిపతిగా ఉన్న ఆయన పిలిస్తే వేలమంది శిక్షణ పొందినవాళ్లు తుపాకులతో కదిలివచ్చేవారు. 1994 మార్చిలో, నల్లజాతివారికని తెల్ల ప్రభుత్వం విడదీసి పెట్టిన బోఫుతట్స్వానా ప్రాంతపు పాలకుడిని కాపాడే నెపంతో, తెల్లజాతి అతివాద సంస్థ ఏడబ్ల్యూబీ మూక పిలవని పేరంటంగా వచ్చి దారిన పోయేవారిపై కాల్పులు జరిపింది. చివరకు ఆ మూకలోని ముగ్గురు కెమెరాల ఎదుటే ఒక పోలీసు చేతిలో హతమయ్యారు. ఆ రభస తర్వాత విల్‌యున్ తన ఫ్రీడమ్ ఫ్రంట్ పార్టీతో ఎన్నికల బరిలో దిగి, 2.17 శాతం ఓట్లతో 9 సీట్లు గెలిచాడు. ఆయన్ని పార్లమెంటులోకి రానివ్వడం ఎన్ని నిఘా విభాగాలకన్నా మేలైందని నా అభిప్రాయం.

అయినా బెడద పూర్తిగా పోలేదు. 2002 అక్టోబరు 30న బూరమాగ్ అనే తెల్లజాతి అతివాద ముఠా జొహానెస్‌బర్గ్‌లోని నల్లజాతి ప్రాంతం సోవెటోలో రైలుపట్టాలనూ ఒక మసీదునూ పేల్చినప్పుడు ఒక మహిళ చనిపోయింది. మండేలా వెళ్లే దారిలో బాంబు పెట్టాలన్న వారి పథకం ఆయన హెలికాప్టర్‌లో రావడంతో విఫలమైంది. నిందితుల్లో సైనికాధికారులూ ఉన్నారు. ఆయుధాగారం దొంగతనం గురించి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ముఠాలోకి పోలీసులు ముందే తమ మనిషిని జొప్పించారు కాబట్టి కేసు నిలబడింది. పదేళ్లు సాగిన ఆ దేశద్రోహ విచారణలో, రాజ్యాంగమే చెల్లదనీ తమను విచారించే హక్కు కోర్టుకు లేదనీ వారు వాదించారు. 2013లో 35 ఏళ్ల వరకు శిక్షలు పడ్డాయి. మరణశిక్షను రాజ్యాంగ న్యాయస్థానం 1995లోనే రద్దు చేసింది.

ఆ రద్దు వల్లే వాలుష్ కూడా ఉరి తప్పించుకున్నాడు. అతడికి పెరోల్ ఇవ్వాలని 2022 నవంబరులో అదే న్యాయస్థానం తీర్పు చెప్పినప్పుడు, హనీ భార్య లింపో కోర్టు బయటే నిలబడి న్యాయమూర్తులను దుయ్యబట్టింది. రెండేళ్ల తర్వాత అతడిని పోలండ్‌కు పంపేశారు.