గంట లేటైతే ఏమవుతుంది?

రిసెప్షన్‌లో భోజనాలు ఇంకా మొదలవనేలేదు, మేం లేచేశాం. "గంట లేటైతే ఏమవుతుందే?" అని పిన్ని చెయ్యి పట్టుకుంది.

నిజమే, ఎత్తు పెరగడానికి మా అబ్బాయికి రోజూ రాత్రి వేసే గ్రోత్ హార్మోన్ సూదికి గంట ఆలస్యమైతే కొంపేం మునిగిపోదు. నా పట్టుదలంతా వాడి నిద్ర గురించే. పిల్లల ఒంట్లో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది రాత్రి నిద్రపట్టిన తొలి గంటల్లో, గాఢనిద్రలోనే. ఇంజెక్షన్ కూడా పడుకునే ముందే వేయమని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇంటికొచ్చి ఫ్రిజ్‌లోంచి ఇంజెక్షన్ పెన్ను తీశాను. "నిన్న కుడి తొడ, ఇవాళ ఎడమ" అంటూ వాడే నిక్కరు పైకి మడిచాడు. రోజూ ఒకేచోట గుచ్చితే చర్మం కింద కొవ్వు కరిగి గుంట పడొచ్చని వాడికి తెలుసు. మీట నొక్కి పది లెక్కపెట్టేదాకా కదల్లేదు. ఎనిమిదేళ్లవాడికి ఎంత ఓపికో!

వచ్చే నెల మళ్లీ ఎత్తు కొలుస్తారు. వాడికంటే నాకే టెన్షన్.