సబ్బు కళ్లలో పడిందట!

చెంబు నూతి గట్టు మీద ఖంగుమని పడింది. నేను పరుగెత్తేసరికి నాన్న గిలక స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏమీ కాలేదురా, సబ్బు కళ్లలో పడింది, అంతే."

అంతే కాదు. ముఖం కడుక్కుంటూ కళ్లు మూసినప్పుడల్లా తూలుతున్నారు. షుగర్ వల్ల అరికాళ్లకి స్పర్శ తగ్గిపోయింది. కళ్లు, లోచెవి, కాళ్ల స్పర్శ... ఈ మూడూ కలిస్తేనే మనిషి నిలబడేది. ఒకటి మొరాయిస్తే మిగతావి ఎలాగో లాక్కొస్తాయి. ఇంకోటి కూడా మూసేస్తే ఇదిగో, ఖంగు!

మధ్యాహ్నం 2023లో వచ్చిన ఒక పరిశోధన చదివాను. అమెరికాలో జార్జియా టెక్, ఎమరీ యూనివర్సిటీల వాళ్లు మనుషుల చీలమండలకి రోబో తొడుగులు పెట్టి, నిలబడ్డ పలకని ఒక్కసారిగా జరిపారు. తొడుగు శరీరం కంటే ముందే స్పందిస్తేనే బ్యాలెన్స్ మెరుగైందట. శరీరంతో పాటు కదిలితే లాభం లేదు. రెప్పపాటు కూడా లేని తేడా అది! నేనైతే వీధి గుమ్మం నుంచి పరుగెత్తాను.

నాన్నకి చెప్తే, "మన పర్లాకిమిడికి ఎప్పుడొస్తుందిరా అది?" అని నవ్వారు.

సాయంత్రం బజారుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నూతి దగ్గర వేశాను. ఇప్పుడే చూశాను, దాని మీద తువ్వాలు ఆరేశారు.