ఎప్పుడు వెళ్తారు?

సొంతూరికి వెళ్తే మనవాళ్ళు మొదట అడిగేది "ఎప్పుడొచ్చావు?", ఆ వెంటనే "మళ్ళీ ఎప్పుడు పోతావు?". 2024 జులైలో, ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఉన్న బ్లాంటైర్ నగరంలో, ఒక అనాథాశ్రమం పిల్లాడు మొదటిది వదిలేసి నేరుగా రెండోదే వాళ్ళ భాషలో అడిగాడు. "ముపిటా లీతి?"

మలావీలో అయిదేళ్ళు ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాశాను. అనంతపురం వాణ్ణి కాబట్టి తిండికి ఇబ్బంది పడలేదు. మొక్కజొన్న పిండితో వాళ్ళు చేసే న్సిమా అంటే తెల్ల సంకటే. ముద్ద చేసి ఆకుకూరలోనో, ఉసిపా అనే చిన్న చేపల కూరలోనో అద్దుకోవడమే. ఆదివారాలు దగ్గర్లోని అనాథాశ్రమానికి బిస్కెట్లు పట్టుకెళ్ళేవాణ్ణి. వేలికొకరు చొప్పున వేలాడేవాళ్ళు. ఫోటోలు పంపితే అమ్మ మురిసిపోయేది. 2019లో ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు పిల్లలకు చెప్పే ధైర్యం లేక చెప్పకుండానే విమానం ఎక్కాను.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫానుకి సోచే కొండ మీది బురద, బండలు చిలోబ్వే ఇళ్ళ మీద పడ్డాయి. మినీబస్సులో ఎన్నిసార్లు దాటానో ఆ బస్తీని. హైదరాబాద్‌లో ఫోన్‌లో ఆ వీడియోలు చూసిన రోజే మళ్ళీ వెళ్ళాలనుకున్నాను. సెలవులు కూడబెట్టి నెల రోజులకు టికెట్ కొనేసరికి ఏడాది దాటింది.

ఆశ్రమం చూసుకునే పెద్దావిడని అందరూ అమాయి అంటారు, అమ్మ అని. నమస్కారం పెట్టగానే ఆవిడ చెప్పిన మాట: "చిన్నపిల్లల గదిలోకి వెళ్ళకండి. నెల రోజులు ఎత్తుకుంటే అలవాటు పడతారు. మీరెళ్ళాక రాత్రుళ్ళు మేలుకునేది మేము."

కోపం వచ్చింది. నిజం చెప్పొద్దూ, టికెట్ డబ్బులు కూడా గుర్తొచ్చాయి. ఆవిడ అదేమీ పట్టించుకోకుండా స్టోర్ రూమ్ తాళం నా చేతిలో పెట్టింది.

లోపల 50 కిలోల పిండి బస్తాలు. రిజిస్టర్‌లో మూడు నెలలుగా గీత పడలేదు. ఆ ఏడు వానల్లేక పంట పోయింది. 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. అంతకుముందు నవంబర్‌లోనే డాలరుకు 1,180 క్వాచాలున్న రేటు 1,700కి పోయింది. ధరలు చూస్తే కిలో పిండికి కూడా లెక్క రాయాల్సిందే.

ఆ బస్తాల్లో సగం బయటికి వెళ్ళేవి. అనాథాశ్రమాల్లో ఉండే ప్రతి అయిదుగురు పిల్లల్లో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లోనే రాసింది. ఇక్కడి వాళ్ళకీ అమ్మమ్మలు, మేనత్తలు ఉన్నారు. లేనిది పిండి. అందుకే అమాయి పిల్లల్ని ఒక్కొక్కరినే ఇంటికి పంపి, నెలకో బస్తా ఇస్తోంది. లెక్క తప్పి బస్తా లేదంటే ఆ ముసలమ్మ ఉత్త చేతులతో తిరిగి వెళ్ళాలి. తర్వాతి వారం పిల్లాడే ఆశ్రమానికి తిరిగొస్తాడు. బిస్కెట్లు పంచిన అయిదేళ్ళలో ఈ సంగతి ఒక్కసారైనా నా బుర్రకు తట్టలేదు.

నన్ను ప్రశ్న వేసిన పిల్లాడికి అప్పటికి పదమూడేళ్ళు. వేళ్ళకు వేలాడినవాళ్ళలో వాడూ ఉన్నాడట, నేనే గుర్తుపట్టలేదు. ఈసారి జవాబు చెప్పాను: ఆగస్టు 9. వాడు సుద్దముక్కతో స్టోర్ తలుపు మీద ఆ తేదీ రాసి, లోపలికొచ్చి నాతో పాటు బస్తాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

చివరి రోజు ఉదయం చిపెరోనీ, అంటే అక్కడి చలికాలపు మంచు జల్లు. రిజిస్టర్‌లో 31 బస్తాలు, నేల మీద 30. రెండుసార్లు లెక్కపెట్టాం. నాకు టెన్షన్ మొదలైంది.

"మంగళవారం చిలోబ్వే అవ్వ తీసుకెళ్ళింది కదా," అన్నాడు వాడు. "మీరు వేలిముద్ర వేయించడం మర్చిపోయారు."

ఎర్ర సిరాతో రాసి సంతకం పెట్టాను. వాడు తలుపు మీది తేదీని మోచేత్తో తుడిచేసి, తాళం నా చేతిలోంచి తీసుకుని అమాయికి ఇవ్వడానికి పరుగెత్తాడు.