పడుకుంటే ఆడని దమ్ము

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్లో దగ్గని మనిషి ఉండడు. అడ్తి దుకాణంలో గుమస్తాను కాబట్టి నాకు ఆయాసం మొదలైతే అందరూ ఘాటు వల్లే అన్నారు. మేం ఎప్పుడూ పోయే డాక్టరుకు, "పడుకుంటే దమ్ము ఆడతలేదు సార్, కాళ్లు ఉబ్బుతున్నయి" అని చెప్పాను. తలెత్తకుండానే, "గ్యాస్. పొద్దంతా కూర్చుని లెక్కలు రాస్తే కాళ్లు ఉబ్బవా?" అని నవ్వాడు. స్టెతస్కోప్ ఆయన మెడలోనే ఉండిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గ్యాస్ గోళీలు వేసుకుంటుండగానే ఆ రాత్రి వచ్చింది. వెల్లకిలా పడుకుంటే ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంది. లేచి, ఒళ్లో దిండు పెట్టుకుని ముందుకు వంగితే కొంచెం నయం. తెల్లవారుజాముకు అదీ పోయింది. చేతులు చల్లబడ్డాయి, చెమటలు. మా ఆవిడ లైటు వేసి నా మెడ చూసి, "ఏమయ్యో, నరాలు గిట్ల ఉబ్బినయేంది!" అని అరిచింది. తమ్ముడు కారు తెచ్చేలోపు ఆమె సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కేసింది.

హాస్పిటల్లో డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. బీపీ చూసింది, గుండె చప్పుడు వింది, "దూరంగా వినపడుతోంది, ఎకో మిషన్ తెండి" అంది. ఎకో అంటే గుండెకు తీసే స్కానింగ్. గుండె చుట్టూ నీరు చేరిందట, సూదితో తీశారు. తీస్తుండగానే ఊపిరి అందింది. ఆమెకు చేతులెత్తి దండం పెట్టినా తక్కువే.

తర్వాత ఆమే కూర్చుని చెప్పింది. గుండె చుట్టూ రెండు పొరల సంచి ఉంటుంది. గుండె కొట్టుకునేటప్పుడు ఒరుసుకోకుండా ఆ పొరల మధ్య 15 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా నీరు మామూలే. పొరకు వాపు వస్తే అది పెరుగుతుంది. మెల్లగా చేరితే సంచి సాగి, లీటరు దాకా కూడా ఓర్చుకోవచ్చు. గబగబా చేరితే పావు లీటరు లోపే గుండెను నొక్కేస్తుంది. లోపల రక్తం నిండే జాగా ఉండదు, బీపీ పడిపోతుంది, వెనక్కి తన్నిన రక్తంతో మెడ నరాలు ఉబ్బుతాయి. వైరల్ ఇన్‌ఫెక్షన్, థైరాయిడ్ బాగా తగ్గడం, క్యాన్సర్, కారణాలు చాలా ఉన్నాయట. పక్క బెడ్ పెద్దాయనకు కిడ్నీలు పాడై ఇదే నీరు చేరింది.

నాకేమో ఆ పొరకు టీబీ. దగ్గి తెమడ ఉమ్మింది లేదు, ఊపిరితిత్తుల్లో లేదు, కాబట్టి నా నుంచి ఎవరికీ అంటదన్నారు. అయినా మా చిన్నమ్మ చెవిలో, "టీబీ అని ఎవ్వరికి చెప్పకు బిడ్డా, పిల్ల పెండ్లికున్నది" అంది. నేను చచ్చేదాకా పోయి వస్తే ఈమెకు సంబంధాల టెన్షన్! అందుకే ఇక్కడ అందరికీ చెప్తున్నాను. మందులు సర్కారు దవాఖానలో ఉచితం, తిండికి నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇస్తారు. మూత్రం ఎర్రగా వస్తే బెదరకండి, అది మందు రంగు. నయమైందనిపించినా ఆరు నెలలూ మింగాల్సిందే. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం అనిపిస్తే మాత్రం ఎవరు గ్యాస్ అన్నా వినకుండా ఎకో తీయించుకోండి.

మందులు పడ్డాక ఆకలి పెరిగింది, ఒళ్లు చేసింది. మేడారంలో తూకానికి కూర్చోవాల్సింది నేనే కదా, బెల్లం ఖర్చు పెంచుతున్నానని మా ఆవిడ ఒకటే సణుగుడు.