డాస్ లెక్కల ప్రోగ్రాంను కొత్త పీసీ మీదికి ఎక్కించడం: నా అనుభవం

పని ఒక ధాన్యం కమీషన్ కొట్టుది. తరుగు, హమాలీ, కమీషన్, రైతులకిచ్చిన చేబదుళ్ల మీద వడ్డీ అన్నీ తీసి తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్కల చీటీ) కొట్టే ప్రోగ్రాం. క్లిప్పర్ 5.2 అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసినది, సోర్స్ (మొదట రాసిన అసలు కోడ్) లేదు, ఈఎక్స్ఈ ఫైలు ఒక్కటే మిగిలింది. ఎంఎస్-డాస్ 6.22 అనే పాత ఆపరేటింగ్ సిస్టం మీద నడిచేది. వరి ధాన్యానికి జీఎస్టీ లేదు కాబట్టి 2017లో కూడా దీన్ని మార్చే అవసరం రాలేదు. చివరికి మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి మిషనే ఆగిపోయింది. సోర్స్ ఉండి ఉంటే ఇదంతా అక్కర్లేదు. హార్బర్ అనే ఉచిత కంపైలర్‌తో దాన్నే విండోస్‌కో లినక్స్‌కో మళ్లీ కంపైల్ చేసేవాణ్ణి.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: అసలు మిషన్ మీదే డాస్ నడపాలా, విండోస్ లోపల ఎమ్యులేటర్‌లోనా (పాత మిషన్‌లా నటించే ప్రోగ్రాంలోనా)? 64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాం నేరుగా నడవదు. ప్రాసెసర్ 64 బిట్ మోడ్‌లోకి వెళ్లాక పాత వర్చువల్ 8086 మోడ్ దొరకదు, అందుకే విండోస్‌లో డాస్ ప్రోగ్రాములను నడిపే ఎన్‌టీవీడీఎంను మైక్రోసాఫ్ట్ అందులో పెట్టలేదు. 32 బిట్ విండోస్ 10లో అది ఉండేది. విండోస్ 11కి 32 బిట్ ఎడిషనే లేదు. పాత ఖాతాలు తిరగేసి చూసుకోవడమే పని అయితే డాస్‌బాక్స్-ఎక్స్ అనే ఎమ్యులేటర్ చాలు, దాని కోసం కొత్త మిషన్ కొనడం దండగ. రోజూ యాభై పట్టీలు డాట్ మ్యాట్రిక్స్ మీద కొట్టాలంటే మాత్రం నా ఓటు అసలు మిషన్‌కే.

డాస్‌గా ఫ్రీడాస్ 1.4 తీసుకున్నాను. జిమ్ హాల్ 1994లో మొదలుపెట్టిన ప్రాజెక్టు, ఈ వెర్షన్ 2025 ఏప్రిల్‌లో వచ్చింది. 6.22 కూడా ఎక్కుతుంది గానీ పెద్ద డిస్కుల దగ్గర దానికి చిక్కులెక్కువ.

మిషన్ ఎంపికలో చూడాల్సింది ప్రాసెసర్ వేగం కాదు. బయోస్‌లో సీఎస్‌ఎం (పాత బయోస్ పద్ధతిలో బూట్ చేయనిచ్చే సౌకర్యం) ఉందా, బోర్డు మీద ఎల్‌పీటీ (ప్రింటర్ ప్యారలల్ పోర్టు) హెడర్ ఉందా, పీఎస్/2 కీబోర్డు సాకెట్ ఉందా అన్న మూడే. డాస్ డిస్కును, స్క్రీన్‌ను, కీబోర్డును బయోస్ ద్వారానే పట్టుకుంటుంది. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ ఒక్కటే ఉన్న మిషన్‌లో ఆ బయోస్ సేవలే ఉండవు కాబట్టి డాస్ బూటే కాదు. పాత బయోస్ సపోర్టును 2020 కల్లా తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. అందుకే ఆ తర్వాతి బోర్డుల జోలికి పోలేదు. హెచ్81 చిప్‌సెట్ ఉన్న సెకండ్ హ్యాండ్ బోర్డు, నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 120 జీబీ సాటా ఎస్ఎస్‌డీ పెట్టాను. ఎన్‌వీఎంఈ వద్దు, ఇలాంటి బోర్డుల్లో డాస్‌కు అది కనపడదు. సాటా అయితే ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఉన్నా ఫర్వాలేదు. చదివేదీ రాసేదీ బయోసే కాబట్టి డాస్‌కు తేడా తెలియదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్, సీఎస్‌ఎం ఆన్, యూఎస్‌బీ లెగసీ సపోర్ట్ ఆన్.

పాత డిస్కును యూఎస్‌బీ-ఐడీఈ అడాప్టర్‌తో లినక్స్ మిషన్‌కు తగిలించి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ముందు ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీశాను. దాన్ని కొత్త డిస్కు మీద యథాతథంగా దించకూడదు. పాత బయోస్ లెక్కగట్టిన హెడ్లు, సెక్టార్ల సంఖ్య బూట్ సెక్టార్‌లో ఉండిపోతుంది, కొత్త బయోస్‌తో అది కుదరకపోతే బూట్ కాదు. ఇమేజ్‌ను మౌంట్ చేసి ఫైళ్లు మాత్రం కాపీ చేసుకుంటే చాలు.

ఫ్రీడాస్ లైట్ యూఎస్‌బీ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి రాసి బూట్ చేస్తే చాలామంది తప్పటడుగు వేసే చోటు వస్తుంది. బూట్ అయిన పెన్‌డ్రైవే సీ డ్రైవ్ అవుతుంది, లోపలి డిస్కు డీ అవుతుంది. డిస్కును పార్టిషన్లుగా విడగొట్టే ఎఫ్‌డిస్క్ తెరవగానే చూపేది మొదటి డిస్కును, అంటే పెన్‌డ్రైవ్‌ను. రెండో డిస్కుకు మారాకే పార్టిషన్ చేయాలి. 500 మెగాబైట్ల ఎఫ్ఏటీ16 పార్టిషన్ ఒక్కటి చేసి యాక్టివ్ పెట్టాను. మిగతా డిస్కంతా ఖాళీగా వదిలేశాను. దుబారా అనిపిస్తుంది, కారణం ఉంది. 2 జీబీ దాటిన ఖాళీ జాగాను కొన్ని పాత ప్రోగ్రాములు రుణసంఖ్యగా చదివి, డిస్కులో చోటు లేదని బ్యాకప్ ఆపేస్తాయి. ఇరవై ఐదేళ్ల డీబీఎఫ్ ఫైళ్లన్నీ (క్లిప్పర్ డేటా దాచే ఫైళ్లు) కలిపినా ఇక్కడ 70 మెగాబైట్లు దాటలేదు. ఫార్మాట్ కూడా ఫ్రీడాస్‌లోనే చేసి, తర్వాత సిస్ డీ: అని కొడితే కెర్నల్, కమాండ్ ఫైలు ఎక్కుతాయి. పెన్‌డ్రైవ్ తీసి రీబూట్ చేస్తే లోపలి డిస్కు సీ అవుతుంది.

ఎఫ్‌డీకాన్ఫిగ్ ఫైలులో హైమెమ్‌ఎక్స్ అనే మెమరీ డ్రైవర్ ఒక్కటే లోడ్ చేశాను. దాని పక్కన మ్యాక్స్=32768 అని పెడితే డాస్‌కు 32 మెగాబైట్లే కనపడతాయి, అంతకు మించి ఈ ప్రోగ్రాంకు అక్కర్లేదు. డాస్=హై, ఫైల్స్=100, బఫర్స్=20. ఎక్స్‌పాండెడ్ మెమరీ ఇచ్చే జెమ్386 పెట్టలేదు. అది ప్రాసెసర్‌ను వర్చువల్ 8086 మోడ్‌లో నడుపుతుంది. ఈ బోర్డులో అది ఉన్నప్పుడు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే మధ్యలో బిగుసుకుపోయేది. ఎక్స్‌పాండెడ్ మెమరీ లేకపోతే క్లిప్పర్ డిస్కు మీదికి స్వాప్ చేస్తుంది, ఎస్ఎస్‌డీ మీద అది తెలియను కూడా తెలియదు.

ఆటోఎగ్జెక్ ఫైలులో సెట్ క్లిప్పర్=ఎఫ్:80 అన్న వరుస తప్పనిసరి. అది లేకపోయినా, ఫైల్స్ సంఖ్య దానికన్నా తక్కువున్నా, మెనూ వరకు బాగానే వచ్చి పట్టీ తెరవగానే డీబీఎఫ్ఎన్‌టీఎక్స్/1001 ఓపెన్ ఎర్రర్ అని పడిపోతుంది. ఆ వరుస చివర బ్రాకెట్లో ఉండే డాస్ ఎర్రర్ అంకె చూడాలి. 4 అయితే ఒకేసారి తెరిచిన ఫైళ్లు ఎక్కువయ్యాయని, 2 అయితే ఫైలు లేదని, 3 అయితే దారి తప్పని. నాకు ముందు 3 వచ్చింది. ప్రోగ్రాంలో డీ డ్రైవ్ పేరు స్థిరంగా రాసేశారు. ఒక ఫోల్డర్‌ను డ్రైవ్‌గా చూపే సబ్‌స్ట్ కమాండ్‌తో, సబ్‌స్ట్ డీ: సీ:\డేటా అంటే తీరింది.

ప్రోగ్రాంతో పాటు వడ్డీ లెక్కలకు టర్బో పాస్కల్‌లో రాసిన చిన్న యుటిలిటీ ఉంది. తెరవగానే రన్‌టైమ్ ఎర్రర్ 200. ఇది వైరస్సూ కాదు, ఫైలు చెడిపోవడమూ కాదు. టర్బో పాస్కల్ సీఆర్‌టీ యూనిట్ మొదలయ్యేటప్పుడు ఒక టైమర్ టిక్‌లో, అంటే సుమారు 55 మిల్లీసెకన్లలో, ఎన్ని చుట్లు తిరగగలదో లెక్కపెట్టి 55తో భాగిస్తుంది. 200 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల దాటిన ప్రాసెసర్ మీద ఆ భాగఫలం 16 బిట్లలో పట్టదు, ప్రాసెసర్ భాగహార దోషం అంటుంది. టీపీప్యాచ్ అనే ప్యాచ్‌ను ఈఎక్స్ఈ కాపీ మీద నడిపితే ఆ ఒక్క చోటు సరిచేస్తుంది. అసలు ఫైలు మీద మాత్రం ఎప్పుడూ నడపకండి.

డేటా దగ్గర ఇంకో మాట. పాత మిషన్ చివరి రోజుల్లో కరెంటు పోయి ఆగిందంటే డీబీఎఫ్ హెడర్‌ను నమ్మొద్దు. రికార్డుల సంఖ్య హెడర్‌లో 4 నుంచి 7 వరకు ఉన్న బైట్లలో ఉంటుంది. రికార్డు చేర్చాక హెడర్ రాసేలోపు మిషన్ ఆగితే రికార్డు ఫైలులో ఉంటుంది, లెక్కలో ఉండదు. సరిచూసే పద్ధతి సులువు: ఫైలు సైజు నుంచి హెడర్ పొడవు (8, 9 బైట్లు) తీసేసి రికార్డు పొడవుతో (10, 11 బైట్లు) భాగించాలి. ఇక్కడ సైజు 12,04,791, హెడర్ 482, రికార్డు 118. భాగిస్తే 10,206 వచ్చి ఒక బైటు మిగిలింది, అది ఫైలు ముగింపు గుర్తు. హెడర్ మాత్రం 10,198 అంటోంది. ఎనిమిది పట్టీలు కనపడకుండా కూర్చున్నాయన్నమాట. హెక్స్ ఎడిటర్‌లో సంఖ్య దిద్ది, ఎన్‌టీఎక్స్ ఇండెక్స్ ఫైళ్లన్నీ తీసేసి ప్రోగ్రాంలోని రీఇండెక్స్ నడిపితే ఎనిమిదీ పేర్లతో సహా బయటికొచ్చాయి.

ఇక ప్రింటర్. మొత్తం పనిలో సగం సమయం దీనికే పోయింది. బజారులో దొరికే యూఎస్‌బీ-ప్యారలల్ కేబుల్ డాస్‌లో పనిచేయదు. చివర 36 పిన్నుల ప్లగ్ ఉన్నంత మాత్రాన అది ఎల్‌పీటీ పోర్టు కాదు, యూఎస్‌బీ ప్రింటర్ అంతే, దానికి డ్రైవర్ కావాలి. అన్నిటికన్నా మేలైనది బోర్డు మీది 26 పిన్నుల ఎల్‌పీటీ హెడర్. దానికి 25 పిన్నుల సాకెట్ ఉన్న బ్రాకెట్ తగిలిస్తే 378 అనే అసలు అడ్రస్‌లోనే పోర్టు వస్తుంది. బ్రాకెట్లలో వైరింగ్ రెండు రకాలుంటుంది, చూడ్డానికి తేడా తెలియదు. మల్టీమీటర్‌తో మాన్యువల్ పక్కన పెట్టుకుని పిన్ను పిన్నూ చూశాకే ప్రింటర్ తగిలించాలి. బయోస్‌లో పోర్టు మోడ్ స్టాండర్డ్, ఐఆర్‌క్యూ 7.

బోర్డు మీద హెడర్ లేకపోతే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డు. ఇంకో కొట్టు మిషన్‌కు అదే గతి అయింది. ఈ కార్డు 378లో కూర్చోదు, బయోస్ ఇచ్చిన చోట కూర్చుంటుంది. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఎల్ఎస్‌పీసీఐ -వీ అని చూస్తే ఐ/ఓ అడ్రస్ తెలుస్తుంది. అక్కడ 3010 వచ్చింది. డాస్‌లో ఎల్‌పీటీ1 ఎక్కడుందో చెప్పే గుర్తు 40:8 అనే చోట రెండు బైట్లలో ఉంటుంది, చిన్న బైటు ముందు. మెమరీలో బైట్లు దిద్దే డీబగ్ ప్రోగ్రాం తెరిచి ఈ (E) 40:8 10 30 అని కొట్టి, క్యూతో బయటికొస్తే చాలు, ప్రింట్ పోతుంది. పోర్టు ఉందా లేదా అని ముందే అడిగే ప్రోగ్రాములకు ఇంకో బైటు దిద్దాలి: 40:11లో ఉన్న విలువకు హెక్సాలో 40 కలపాలి, 02 ఉంటే 42 అవుతుంది. దాని ముందున్న 40:ఈ (E) జోలికి మాత్రం వెళ్లొద్దు, అక్కడ బయోస్ సొంత డేటా అడ్రస్ ఉంటుంది. ఈ వరుసలన్నీ ఒక చిన్న ఫైలులో రాసి ఆటోఎగ్జెక్ నుంచి డీబగ్‌కు అందించాను, రోజూ టైపు చేయక్కర్లేదు.

ఇది రెండు చోట్ల విఫలమవుతుంది. ప్రోగ్రాం బయోస్‌ను అడక్కుండా నేరుగా 378కే రాస్తే మీరు 40:8లో ఏం పెట్టినా వినదు. క్లిప్పర్ డాస్ ద్వారానే పోతుంది కాబట్టి ఆ బాధ లేదు. రెండోది, మిషన్‌లో ఇంకో కార్డు చేర్చినా తీసినా బయోస్ అడ్రస్ మార్చేయవచ్చు, ప్రింటర్ ఉన్నట్టుండి మూగబోతుంది. అందుకే పెట్టె లోపలి వైపు అడ్రస్ రాసిన చీటీ అంటించాను.

ప్రింటర్ ఎప్సన్ ఎల్ఎక్స్-310. దానికి ప్యారలల్, సీరియల్, యూఎస్‌బీ మూడూ ఉన్నాయి. 132 కాలమ్‌ల ఖాతా 80 కాలమ్‌ల కాగితం మీద పట్టడానికి ప్రోగ్రాం 15 అనే కోడ్ పంపుతుంది, అక్షరాలు ఇరుకై వరుసకు 137 పడతాయి. పట్టీ తర్వాత 18 పంపకపోతే తర్వాతి కాగితం కూడా ఇరుకుగానే వస్తుంది. ఎమ్యులేటర్ దారిలో పోయేవాళ్లు ఈ కోడ్‌లను పోగొట్టుకునేది ఇక్కడే. ప్రింట్‌ను ఫైలుకు పట్టి, లినక్స్‌లో ఎల్‌పీ -ఓ రా అని పంపితే కోడ్‌లు చెక్కుచెదరవు. మామూలు విండోస్ ప్రింటర్ డ్రైవర్ గుండా పంపితే బొమ్మగా మారి నత్తనడకన కొడుతుంది.

రైతుల పేర్లు తెలుగులో ఉన్న ఫైలు ఒకటి వేరే కథ. పాత మిషన్‌లో తెలుగు అక్షరాలు చూపే సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు ఉండేది, పాత రకం ఐఎస్ఏ స్లాట్‌లో కూర్చునేది. కొత్త బోర్డులో ఆ స్లాట్ లేదు. కార్డు లేకుండా తెరిస్తే పేర్ల చోట జంట గీతలు, డబ్బా మూలలు కనిపిస్తాయి. డేటా చెడలేదు, అది ఇస్కీ (యూనికోడ్‌కు ముందు భారతీయ భాషలకు వాడిన) కోడ్. రామయ్య అన్న పేరు ఫైలులో 207 218 204 205 232 205 అని ఆరు బైట్లుగా ఉంటుంది: ర, దీర్ఘం, మ, య, పొల్లు, య. డీబీఎఫ్ మొత్తాన్ని ఒకేసారి మార్చొద్దు, హెడర్‌లోని అంకెలు కూడా అక్షరాలైపోతాయి. ఆ ఫీల్డును మాత్రం బయటికి తీసి, కోడ్ మార్చే యూకాన్వ్ ప్రోగ్రాంలో ఇస్కీ, వెర్షన్=6 అని పెడితే తెలుగు యూనికోడ్ వస్తుంది. విండోస్‌లో అయితే కోడ్ పేజీ 57005. యూటీఎఫ్-8లో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు కాబట్టి ఆ ఆరు బైట్లు పద్దెనిమిది అవుతాయి. 30 బైట్ల ఫీల్డులోకే తిరిగి పెడితే పేరు మధ్యలో తెగిపోతుంది. డాస్‌లో ఎలాగూ చూపదు గనుక వాటిని వేరే పట్టికలో ఉంచి, ప్రోగ్రాంలో ఖాతా నంబరుతో సరిపెట్టుకుంటున్నారు.

తేదీల పరీక్ష మానొద్దు. రెండంకెల సంవత్సరానికి ఏ శతాబ్దం వేసుకోవాలో క్లిప్పర్‌లో సెట్ ఎపాక్ చెబుతుంది. ఇవ్వకపోతే 1900. ఈ ప్రోగ్రాంలో 2000కు ముందు ఎవరో 1930 పెట్టారు. డేటా కాపీ మీద, మిషన్ తేదీని 2030 ఏప్రిల్ 1కి జరిపి 01/04/30 అని పట్టీ వేశాను. అది 1930 కింద పడి, ఆ రోజు ఇచ్చిన చేబదులుకు నూరేళ్ల వడ్డీ చూపింది. సోర్స్ లేకుండా దీనికి మందు లేదు. కాబట్టి ఈ మిషన్‌కు గడువు 2029 డిసెంబర్ 31 అని యజమానికి చెప్పి, ఖాతాలను సీఎస్‌వీలోకి దించే పని అప్పుడే మొదలుపెట్టించాను.

బ్యాకప్ పెన్‌డ్రైవ్‌కే, కానీ మిషన్ ఆన్ చేయకముందే తగిలించాలి. తర్వాత పెడితే డాస్‌కు కనపడదు. పెన్‌డ్రైవ్ కూడా డీ అక్షరమే అడుగుతుంది కాబట్టి పైన సబ్‌స్ట్‌తో చేసిన డీకి దీనితో గొడవ వస్తుంది. బ్యాకప్‌కు వేరే బ్యాచ్ ఫైలు రాసి, అందులో ముందు సబ్‌స్ట్ డీ: /డీ అని తీసేసి, కాపీ అయ్యాక మళ్లీ పెట్టాను. బూట్ వరుసలో హార్డ్ డిస్కును పైన ఉంచకపోతే పొద్దున్నే పెన్‌డ్రైవ్‌తో బూట్ అవ్వబోయి ఆగిపోతుంది. మొదటి వారంలోనే రెండుసార్లు అలా ఆగింది.