పద్నాలుగు పేజీల సమ్మతి పత్రం: నా అనుభవం

మూడు వారాలైనా తగ్గని దగ్గుతో నిరుడు వానాకాలంలో హైదరాబాదులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. నాకు క్షయ ఉందని, అది ముఖ్యమైన క్షయ మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని, కళ్లెలో క్షయ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలో ఆ పూటే తేలింది. 52 కిలోల బరువున్న నాకు రోజుకు 4 మాత్రల చొప్పున 6 నెలల చికిత్స రాశారు. మందుల చీటీతో బయటికి వస్తుండగా ఒక పరిశోధన బృందంలో పనిచేసే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, చికిత్స పూర్తయిన తరువాత కూడా కొందరిలో వ్యాధి ఎందుకు తిరగబెడుతుందో తెలుసుకోవడానికి ఏడాదిన్నరలో అయిదుసార్లు రక్తం, కళ్లె ఇవ్వగలరా అని అడిగి, 14 పేజీల సమ్మతి పత్రం చేతికిచ్చింది.

ప్రూఫులు దిద్దడం నా వృత్తి కనుక ఎంతటి తెలుగైనా నన్ను భయపెట్టదనుకునేవాణ్ణి. "అనామకీకరించబడిన జైవిక నమూనాలు భావి వినియోగార్థము నిల్వచేయబడును" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అడిగితే ఆ అమ్మాయి, "మీ పేరు తీసేసి నంబరు వేస్తాం సార్. మిగిలిన రక్తం దాచిపెట్టి, ముందుముందు ఇంకో పరిశోధనకు వాడుకోవచ్చా అని అడుగుతున్నాం" అంది. అంత తేటగా నోటితో చెప్పగలిగిన మాట కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకలా బిగుసుకుపోయిందో నాకు అర్థం కాలేదు.

నా పక్కన కూర్చున్న పెద్దావిడకు చదువు రాదు. అలాంటివారు వేలిముద్ర వేయాలంటే బృందానికి సంబంధం లేని సాక్షి ఒకరు అక్కడ ఉండాలి కనుక, అతను వచ్చేదాకా ఆగారు. అంతా విన్నాక ఆమె అడిగింది ఒక్కటే: "ఒద్దంటే మందులియ్యరా బిడ్డా?" ఇస్తారన్న సంగతి నా కాగితంలో 11వ పేజీలో ఉంది, అది మొదటి పేజీలో ఉండవలసిన మాట.

రెండు రోజుల గడువు అడిగి పత్రాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. మా బాబాయిది ఖమ్మం. 2009లో ఆ జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగినప్పుడు ఎన్నో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని, 2010లో దాన్ని ఆపించారని ఆయన మరిచిపోలేదు. "చదవకుండా పెట్టకురా" అన్నాడు. చదివే పెట్టాను.

తొలి విడత కళ్లెను ప్రయోగశాల తిప్పి పంపింది, డబ్బాలో ఉన్నది నురుగు ఉమ్మేనట. పొద్దున లేవగానే ఉత్త నీళ్లతో నోరు పుక్కిలించి, రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, గుండె లోతుల నుంచి దగ్గితే గాని చిక్కటి కళ్లె పడదని ఆ అమ్మాయి చేసి చూపించాక మరునాటికి కుదిరింది. దారి ఖర్చులకు 300 రూపాయలు ఇచ్చారు. 1897లో సికింద్రాబాదులో, మలేరియాకు దోమలతో ఉన్న సంబంధాన్ని కనుగొన్న రొనాల్డ్ రాస్, తన దోమల చేత కుట్టించుకున్న మలేరియా రోగి హుసేన్ ఖాన్‌కు దోమకో అణా ఇచ్చాడన్న సంగతి రసీదు మీద సంతకం చేస్తుంటే గుర్తొచ్చింది. ఆయన చేత ఏ పత్రం చదివించి ఉంటారు!

సమ్మతి పత్రం మీద నేను పెన్సిలుతో దిద్దిన ప్రతిని బృందం, పరిశోధనల్లో పాల్గొనేవారి మేలు చూసే నైతిక సంఘానికి పంపింది. సంఘం ఆమోదించనిదే అక్షరమైనా మార్చకూడదట. మూడో విడతకు వెళ్లేసరికి సవరించిన పత్రం వచ్చింది, మళ్లీ సంతకం చేయాలన్నారు. మందులు ఆగవన్న మాట మొదటి పేజీకి చేరింది. "అనామకీకరించబడిన" మాత్రం 6వ పేజీలో అలాగే ఉంది.