ఒక్క బీప్ కోసం

మూడోసారి కంప్యూటర్ పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్ మీద మాత్రం అదే ‘నో సిగ్నల్’.

మధ్యాహ్నం ఇంకో 8 జీబీ ర్యామ్ (తాత్కాలిక మెమరీ ముక్క) వేశాను, అంతే. నాన్న ఫొటోలన్నీ ఆ హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి "ఫొటోలు పోలేదు కదరా?" అంది. ర్యామ్‌కీ ఫొటోలకీ సంబంధం లేదని తెలుసు. అయినా టెన్షన్ ఆగలేదు.

ప్లగ్ పీకేసి రెండు ర్యామ్‌లూ బయటికి తీశాను. పాతదాని అంచున బంగారు రంగు గీతల మీద సన్నటి నల్లపొర. మా సత్యనారాయణపురంలో కిటికీలు మూసినా దుమ్ము ఆగదు. పాప బాక్సులోంచి రబ్బరు తెచ్చి మెల్లగా రుద్దితే గీతలు ఒక్కొక్కటే పసుపుపచ్చగా తేలాయి. పొడి దులిపి, క్లిప్పులు టక్కున పడేదాకా నొక్కాను.

అయినా రాలేదు. కంప్యూటర్ సెట్టింగుల్ని నిలిపి ఉంచే రూపాయి బిళ్లంత సీమాస్ బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టాను.

ఒక్క బీప్. ప్రాణం లేచొచ్చింది!

సెట్టింగులన్నీ చెరిగిపోయాయి కాబట్టి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి, దేన్నుంచి మొదలవ్వాలో చెప్పే బూట్ ఆర్డర్‌లో హార్డ్‌డిస్క్‌ని పైకి తెచ్చాను. విండోస్ వచ్చింది. గడియారం ఎప్పటిదో జనవరి 1 చూపిస్తోంది. దాన్ని సరిచేయకుండానే ఫోల్డర్ తెరిచాను.

ప్రకాశం బ్యారేజీ రెయిలింగ్ పట్టుకుని నాన్న. గాలికి చొక్కా ఉబ్బి ఉంది.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "తర్వాతది పెట్టు" అంది.

ఇప్పుడు అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ అవుతున్నాయి. 40 శాతం అయింది. అయ్యేదాకా నేనూ పడుకోను.